పదో పాటకు పద్నాలుగు అర్థాలు

మా ‘శూన్యానికి సున్నం’ ఆల్బమ్‌లోని పదో పాటకు ఇప్పటివరకు పద్నాలుగు అర్థాలు గుర్తింపు పొందాయని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. పదిహేనోది పరిశీలనలో ఉంది. అసలు అర్థం కూడా దరఖాస్తు పెట్టుకుంది గానీ, తగినంత లోతు లేదన్న కారణంగా తిరస్కరించారు.

ఆ ఆల్బమ్‌కు పాటలు రాసింది నేను. తొమ్మిది వరకూ నేనే. పదో దాని సంగతి చెప్పడానికే ఇప్పుడు కలం పట్టాను.

అవి విడివిడి పాటలు కావు. పదింటిలోనూ ఒకటే కథ. ఒక మనిషి తనెవరో వెతుక్కుంటూ ఇల్లు వదిలిపోతాడు, తొమ్మిది పాటలు తిరుగుతాడు, పదో పాటలో ఇంటికొస్తాడు. ఆ తొమ్మిదీ పళ్ళు కదిలేంత గట్టిగా రాశాను. నాలుగో పాటలో ‘అహంకార ధూమ గవాక్షం’ అన్నాను. అదేమిటని గాయకుడు అడిగితే, “పాడుతూ ఉండండి, తెలుస్తుంది” అన్నాను. పాడాడు. మా ఇద్దరికీ ఇంకా తెలియలేదు. అర్థం సగమే చెప్పాలి, అందుకే దాన్ని కొందరు ‘అర్ధం’ అని రాస్తారని నా సిద్ధాంతం. ఇలాంటి సిద్ధాంతాలు నా దగ్గర దండిగా ఉండబట్టే బంధువులు నన్ను ఫొటోల్లోకి పిలుస్తారు గానీ మాటల్లోకి పిలవరు.

పదో పాట మొదలుపెట్టే ముందు మా ఆవిడ బట్టలు మడతపెడుతూ ఒక మాట అంది.

“ఇరవై రెండేళ్ళుగా మీ పాటలు వింటున్నాను. ఒక్కటంటే ఒక్కటి నాకర్థమయ్యేలా రాయండి చూద్దాం.”

“అది చాలా కష్టం” అన్నాను.

“నాకు తెలీదా కష్టమంటే? ఇరవై రెండేళ్ళని ఇప్పుడేగా చెప్పాను” అంది.

సరే, పదో పాట నీదే అని మాటిచ్చాను. కథలో మనిషి ఇంటికొస్తున్నాడు కాబట్టి ఇంట్లో మనిషికి అర్థం కావడం న్యాయమే కదా. తేలిక మాట ఎంత బరువో అప్పుడు తెలిసింది. తొమ్మిది పాటలు తొమ్మిది రోజుల్లో దులిపేసిన మహానుభావుణ్ణి, ఈ ఒక్క పాటకు ఆరు వారాలు తిన్నాను.

మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. ముందు బాణీ, తరువాత మాట. మాటలు చేతికొచ్చేదాకా కొలత చెడకుండా సంగీత దర్శకుడు నోటికొచ్చిన మాటలు పెట్టి పాడించి ఉంచుతాడు. వాటిని డమ్మీ మాటలంటారు. బస్సులో రుమాలు వేసి సీటు ఆపడం లాంటిది. అసలు మనిషి రాగానే రుమాలు తీసేస్తారు. పదో పాటకు బాణీ కట్టిన రోజున స్టూడియో గోడ అవతల ఒక ప్లంబరు పనిచేస్తూ ఎవరికో గట్టిగా ఏదో చెబుతున్నాడు. మా దర్శకుడి నోటికి ఆ మాటలే వచ్చాయి.

పై పైపు బిగిస్తే కింది పైపు కారును
కింది పైపు బిగిస్తే గోడ నానును
ముందు మెయిన్ కట్టేయండి
తరువాత మాట్లాడుకుందాం

అలా పాడించి పెట్టి ఆయన వేరే పని మీద విదేశాలకు వెళ్ళాడు. నేను నా కాగితం పట్టుకుని స్టూడియోకి వెళ్ళేసరికి ఆల్బమ్ విడుదలై ఒక రోజు గడిచింది.

“మీ పాట ముందే వచ్చిందనుకున్నానండీ” అన్నాడు సౌండ్ ఇంజినీరు. “పదోది విన్నాను కూడా. మిగతా తొమ్మిదికీ దీనికీ నాకేం పెద్ద తేడా కనబడలేదు.”

రుమాలే సీట్లో కూర్చుని ఊరు దాటిపోయింది.

ఇంటికెళ్ళి వెంటనే సవరణ ప్రకటన రాశాను. దాన్ని పంపేలోపే మొదటి అర్థం వెలువడింది. పై పైపు పాలకులు, కింది పైపు పాలితులు, గోడ చరిత్ర అని ఒక ఆచార్యుల వారు రెండు పేజీలు రాశారు. మర్నాడు ఒక యోగా గురువు రెండు పైపులూ మన వెన్నులోనే ఉన్నాయని తేల్చారు. ఒక మానసిక వైద్యుడు పై పైపు అత్తగారనీ, కింది పైపు కోడలనీ, ఎవరిని బిగించినా నానేది మధ్యనున్న మగవాడేననీ చెప్పి, ఏడవడానికి గంట సమయం కేటాయించే శిబిరం ప్రారంభించారు. ఒక గుమాస్తా రాజీనామా పత్రంలో ‘మెయిన్ కట్టేశాను’ అని ఒకే ముక్క రాసి బయటికి నడిచాడట. పై అధికారి అర్థం చేసుకున్నాడట. నేను చెమటోడ్చి రాసిన తొమ్మిది పాటలకూ గౌరవం దక్కింది. వాటిని ‘పదో పాటకు ముందుండే మౌనం’ అని వర్గీకరించారు.

సవరణ ప్రకటన నా జేబులోనే ఉంది. మొదట ఒక వారం ఆగుదామనుకున్నాను. ఆ వారంలో నన్ను రేడియోకి పిలిచి, “ఈ కారడం వెనక మీ దర్శనం ఏమిటి?” అని అడిగారు.

“కారణం లేనిదే ఏదీ కారదు” అన్నాను.

అది ఐదో అర్థంగా నమోదైంది. ఆ తరువాత చొక్కా ఉతుక్కు వెళ్ళింది, జేబులో ప్రకటన కూడా వెళ్ళింది.

“ఇంతకీ నా పాటేది?” అంది మా ఆవిడ.

“పైకి పైపుల్లా కనబడుతుంది గానీ లోపలున్నది నువ్వే” అన్నాను.

“పైపులోనా?”

ఆవిడ కోసం రాసిన కాగితం బల్ల సొరుగులో ఉంది. తీసి ఇస్తే ఆవిడకు పాట దక్కుతుంది, నాకు అప్పటికి పోగైన పద్నాలుగు అర్థాలూ పోతాయి. నేను లెక్కల్లో బలహీనుణ్ణి గానీ మరీ అంత కాదు.

ఇంతలో నాకు ‘ఉత్తమ గూఢ రచన’ పురస్కారం ప్రకటించారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా స్నానాల గది గోడ చెమ్మెక్కింది. మా ఆవిడ ప్లంబర్ని పిలిపించింది. ఆ పైపుల పాటను అప్పటికే అందమైన అక్షరాల్లో అచ్చువేసి, ఫ్రేము కట్టించి, ముందు గదిలో తగిలించాను లెండి. అతను చేతులు తుడుచుకుంటూ దాని ముందు నిలబడ్డాడు.

“అమ్మా, ఇది నేనన్న మాటే కదా. మన సార్ రాసుకున్నారేంటి?”

పురస్కార సభకు ఆవిడ నాకన్నా ముందే బయలుదేరింది. వేదిక మీదినుంచి చూద్దును కదా, మొదటి వరసలో మా ఆవిడ, పక్క కుర్చీలో పనిముట్ల సంచీతో ప్లంబరు. ఆవిడ నావైపు చూసిన చూపుకు ఒకటే అర్థం ఉంది. పద్నాలుగు లేవు.

ఆచార్యుల వారు నలభై నిమిషాలు మాట్లాడి, “కవిగారు ఈ పాట రాయలేదు, అనుభవించారు” అని ముగించారు.

“మొదటి ముక్క నిజమేనండి” అన్నాను మైకు అందుకుని.

అంతా చెప్పేశాను. రుమాలు, సీటు, గోడ, ఆరు వారాల ఆలస్యం, ఉతికిన చొక్కా. ప్లంబర్ని వేదిక మీదికి పిలిచాను.

“స్టూడియో వెనక బాత్రూం లైనండి అది” అన్నాడతను. “వాషర్లు అరిగిపోయాయి. ముందు మెయిన్ కట్టేయమన్నాను, తరువాత మాట్లాడుకుందామన్నాను. ఇప్పటివరకూ ఎవరూ వచ్చి మాట్లాడలేదు.”

హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆచార్యుల వారు కళ్ళు ఒత్తుకుంటూ ‘సంభాషణ నిరాకరించిన సమాజం’ అని రాసుకున్నారు. పరిశీలనలో ఉన్న పదిహేనోది అదే.

ఆవిడ అలా ముందే వెళ్ళిపోయాక సొరుగులోంచి తీసి జేబులో పెట్టుకొచ్చిన నా కాగితాన్ని, చప్పట్లు ఆగాక విప్పి చదివాను.

జేబులో తాళంచెవి ఉంది
అయినా తలుపు కొట్టాను
నీ అడుగుల చప్పుడు వినాలని
ఊరంతా తిరిగి వచ్చాను

“అంతేనా?” అన్నారు మూడో వరసలో ఎవరో.

“అర్థమైపోయిందండీ” అన్నారు ఆచార్యుల వారు జాలిగా. “అర్థమైపోయాక ఇక చర్చకేముంటుంది?”

పురస్కారం మాత్రం నాకే ఇచ్చారు. జ్ఞాపిక మీద ‘రాసినందుకు’ అని చెక్కిన చోట పక్కనే చేత్తో ‘రాయగలిగి ఉండీ రాయనందుకు’ అని దిద్దారు.

ఇంటికెళ్తూ మా వీధి మలుపు తిరిగాక మా ఆవిడ అంది.

“జేబులో తాళంచెవి ఉందనడం అబద్ధం. మీరు రోజూ మరిచిపోతారు. అందుకే కొడతారు.”

“మిగతాది?”

“మిగతాది అర్థమైంది” అని, తన సంచిలోంచి తాళంచెవి తీసి నా జేబులో వేసింది. ఇంట్లోకెళ్ళి ముందు గదిలో ఫ్రేము దింపింది. దాని వెనక గోడ కూడా చెమ్మెక్కి ఉంది.

ఈ కథలో గోడ దేనికి సంకేతమని అడుగుతూ ఇప్పటికే మూడు ఉత్తరాలు వచ్చాయి. అయ్యా, గోడంటే గోడే. చెమ్మంటే చెమ్మే. ఇంత చెప్పినా, ఆ ఫ్రేము వెనక గోడే ఎందుకు నానిందని తమరు ఈపాటికే ఆలోచనలో పడి ఉంటే, ముందు మెయిన్ కట్టేయండి. తరువాత మాట్లాడుకుందాం.