మూడు ఊళ్ళు మాయమైన పుస్తకయాత్ర

"అక్కా, ఈ యానాం గడ్డ మీద తెలివైన బుర్రలు రెండే రెండు. ఒకటి నాది. రెండోది ఇంకా పుట్టలేదు."

ఈ ప్రకటన చేసినవాడు ఉమామహేశ్వరం. వృత్తి గడియారాల రిపేరు, ప్రవృత్తి అపరాధ పరిశోధన. గడియారం విప్పేటప్పుడు కంటికి తగిలించుకునే భూతద్దాన్ని వీధిలో కూడా తియ్యడు. అందుకని ఎదురొచ్చే మనిషి కనపడడు గానీ ఆ మనిషి చొక్కా గుండీ మాత్రం గుమ్మడికాయంత కనపడుతుంది.

ప్రకటన విన్నది అతని పెదనాన్న కూతురు సీతామహాలక్ష్మి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఊరందరి మాటలూ కలుపుతూ, విడదీస్తూ, మధ్యలో దొరికిన ఖాళీల్లో ఓ నవల రాసింది. అత్త మాటకి ఎన్నడూ బదులు చెప్పని కోడలు ఒకరోజు నోరు విప్పితే ఏమవుతుందన్నది కథ. పేరు 'గట్టు తెగింది'. కాకినాడలో అచ్చయి, కట్టలు కట్టలుగా వచ్చి మంచం కింద చేరింది.

"మంచం కింద ఉంటే చెదపురుగులు చదువుతాయి. జనం చదవాలంటే రచయిత్రి జనంలోకి వెళ్ళాలి," అన్నాడు ఉమామహేశ్వరం. "శనివారం పొద్దున్న ఫరంపేట, మధ్యాహ్నం మెట్టకూరు, సాయంత్రం కనకాలపేట. ముందు ఆంథోనీ మైకు రిక్షా, వెనక పుస్తకాలతో నీ రిక్షా, చుట్టూ నేను."

"చుట్టూ నువ్వొక్కడివేరా?"

"సైకిలుంది కదక్కా!"

ఎనభై ఏడు శ్రావణంలో అలా యాత్ర బయల్దేరింది. మైకుసెట్లు అద్దెకిచ్చే ఆంథోనీ, ఉమామహేశ్వరం రాసిచ్చిన ప్రకటన పట్టుకుని తెల్లారగానే ముందు వెళ్ళిపోయాడు. సీతామహాలక్ష్మి కొత్త చీర కట్టుకుని, అద్దం ముందు రకరకాలుగా నమస్కారం పెట్టి చూసుకుని రిక్షా ఎక్కింది.

ఫరంపేటలో షామియానా ఉంది. కుర్చీలున్నాయి. మనిషి లేడు. ఇళ్ళ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఒక ఇంట్లో పొయ్యి మీద చేపల పులుసు దానంతటది ఉడుకుతోంది. వీధి మధ్యలో ఓ కోడిపెట్ట "మీరెవరు?" అన్నట్టు చూసింది.

ఉమామహేశ్వరం సైకిలు మీంచి దూకాడు. గొంతు తగ్గించాడు. "అక్కా, గుండె చిక్కబట్టుకో. ఊరు ఊరంతా కిడ్నాప్!"

"ఊరిని ఎవడు ఎత్తుకుపోతాడ్రా?"

"నీ విజయం చూసి ఓర్వలేనివాడు! చెప్పు, నీ శత్రువులెవరు?"

"రాంగ్ నంబర్లు తప్ప నాకు శత్రువులెవరురా?"

అతనప్పటికే నేల మీద బోర్లా పడుకుని భూతద్దంతో దుమ్ము చదువుతున్నాడు. "హ! నేరస్థుడెంత గండరగండడైనా ఏదో ఒకటి వదలక మానడు. ఇదిగో ఎడమకాలి చెప్పు! అరిగిన మడమ, తెగి కుట్టిన పట్టీ. వీడు పరమ పిసినారి, పైగా మతిమరుపు మనిషి!"

"అది నీదేరా. ఇందాక దూకినప్పుడు ఊడింది."

ఉమామహేశ్వరం గంభీరంగా చెప్పు తొడుక్కున్నాడు.

మెట్టకూరులోనూ అదే వరస. ఖాళీ వాకిళ్ళు, ఖాళీ కుర్చీలు. అక్కడ సీతామహాలక్ష్మి ఓ కుర్చీలో కూలబడింది.

"కిడ్నాపూ లేదు, కాకరకాయా లేదు. నేను పుస్తకం చదువుతానని తెలిసి పారిపోయుంటారు. ఊరొదిలి పోయేంత పాడుగా రాశానేమిట్రా?" ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పద, ఇంటికి పోదాం. మంచం కిందే ఉండనీ."

అక్క ఏడుపు చూసి ఉమామహేశ్వరం మొదటిసారి కంటి అద్దం తీశాడు. "ఒక్క కనకాలపేట చూద్దామక్కా. అక్కడా ఎవరూ లేకపోతే నేను డిటెక్టివ్ పని మానేసి గడియారాలే చూసుకుంటాను."

ఈ మాట యానాంకి ఎంత మేలో ఆలోచించుకుని, ఆవిడ మళ్ళీ రిక్షా ఎక్కింది.

దారిలో చిట్టెమ్మ అనే ముసలావిడ నెత్తిన మూటతో పరుగులాంటి నడక నడుస్తూ కనపడింది. ఉమామహేశ్వరం సైకిలు అడ్డం పెట్టాడు.

"ఆగు! ఎక్కడికి?"

"తప్పుకో నాయనా, గట్టు..."

"ప్రశ్నలు నేనడుగుతాను! ఎవరు తరుముతున్నారు నిన్ను?"

"అది కాదయ్యా, గట్టు..."

"మళ్ళీ గట్టంటావు! గట్టు సంగతి తర్వాత. ముందు నిజం చెప్పు!"

చిట్టెమ్మకి ఓపిక అయిపోయింది. ఒక్క తోపు తోసింది. సైకిలుతో సహా డిటెక్టివ్ పంటకాలవలో మునిగి లేచేసరికి ఆవిడ మలుపు తిరిగిపోయింది.

"చూశావా అక్కా, ముసలి వేషంలో గూండా!" అంటూ నీళ్ళు కారుతూ ఆవిడ వెనకాల పరిగెత్తాడు. ఆవిడ కనకాలపేట మేడబడిలోకి దూరి మెట్లెక్కింది. ఇతనూ ఎక్కాడు. పైన మూసిన తలుపుకి చెవి ఆనించి రహస్యం వినబోతే, గడియ వెయ్యని తలుపు కాస్తా తెరుచుకుని దభీమని లోపల పడ్డాడు.

హాల్లో మూడు ఊళ్ళ జనం! మూటలు, బిందెలు, మేకలు, చంటిపిల్లలు. నిలువెల్లా తడిసి పడ్డ మనిషిని చూసి అందరూ ఒక్కసారి కేక పెట్టారు.

"వచ్చేసింది! వచ్చేసింది!"

అక్క కోసం ఇంతమంది ఎదురు చూస్తున్నారా అని ఉమామహేశ్వరానికి ఒళ్ళు పులకరించింది. "అవును, వచ్చేసింది!"

"ఎంతవరకు వచ్చింది?"

"మెట్లదాకా వచ్చింది!"

"అమ్మో! పైకి కూడా వస్తుందా?"

"రాకుండా ఎలా ఉంటుంది? ఈ జనాన్ని చూస్తే ఇక ఆపడం ఎవరి తరం!"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. అప్పుడు సీతామహాలక్ష్మి ఆయాసపడుతూ, చంకలో పుస్తకాల కట్టతో గుమ్మంలోకి వచ్చింది. బడి టీచరు ఫిలోమినా ఆ కట్టమీది పుస్తకం తీసి పైకే చదివింది. "గట్టు తెగింది... నవల."

నిరుడు గోదారి ఇళ్ళలోకి రావడం చూసిన జనం మైకులో 'గట్టు తెగింది' అని వినపడగానే మేడ ఎక్కేశారన్నమాట. అందరి తలలూ మూలనున్న ఆంథోనీ వైపు తిరిగాయి.

"ఆయ్, రాసిచ్చిందే చదివానండి," అన్నాడు ఆంథోనీ. "'గట్టు తెగింది! సంచలన నవల! ఆలస్యం చెయ్యకండి, పిల్లాపాపలతో తరలిరండి!' బ్యాటరీ డౌనండి. గట్టిగా అరిచిన మాటలే బయటికి వచ్చుంటాయండి."

"నీకు తెలుసు కదరా! నువ్వెందుకు వచ్చావిక్కడికి?" అని గుంపులోంచి ఎవరో అరిచారు.

"అందరూ పరిగెడుతుంటే నిజమేనేమో అనిపించిందండి."

ఉమామహేశ్వరం తడి చొక్కా సర్దుకున్నాడు. "కేసు పరిష్కారం! నేను మొదటే అనుకున్నాను..."

అతని మాట ఎవరూ వినలేదు. జనం కోపంగా మూటలు ఎత్తుకుంటున్నారు. సీతామహాలక్ష్మి తల దించుకుంది. చిట్టెమ్మ మాత్రం కదలకుండా కూర్చుంది.

"నా మోకాళ్ళు ఇప్పట్లో ఆ మెట్లు దిగవు. ఎలాగూ ఎక్కాం. ఏం రాశావో చదువమ్మా."

సీతామహాలక్ష్మి చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీలో మాటమాటకీ తడబడింది. నాలుగో పేజీకి ఆవిడది ఎక్స్ఛేంజిలో అందరూ రోజూ వినే గొంతయింది. ఎత్తిన మూటలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. కోడలు నోరు విప్పే ఘట్టానికి గోడవార నిలబడ్డ ఆడవాళ్ళంతా ముందుకు జరిగారు. అక్కడ ఆవిడ పుస్తకం మూసింది.

చిట్టెమ్మ, ముందే వచ్చి కూర్చున్న తన కోడలి వైపు తిరిగింది. "ఏమే, నువ్వూ అనేదేమైనా ఉంటే ఇప్పుడే అనెయ్."

కోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుని ఆలోచించింది. "పోయిన దసరాకి పాలగిన్నె పిల్లి తోసిందన్నావు కదత్తా. పిల్లి కాదు. నువ్వే."

హాలు పగలబడి నవ్వింది. చిట్టెమ్మ నవ్వలేదు. సీతామహాలక్ష్మి వైపు చెయ్యి చాపింది.

"ఆ పుస్తకం ఒకటియ్యమ్మా. దానికి కాదు, నాకు. ఇంకా ఏమేం అంటుందో ముందే తెలుసుకుని ఉండాలి."

ఆ మాట వినగానే హాల్లో ఉన్న అత్తలందరూ కట్ట చుట్టూ మూగారు.