నాలుగువందల నాలుగుపై దండయాత్ర

విశ్వావసు నామ సంవత్సరం, భాద్రపద బహుళ తదియ నాడు, కుందూ నదీతీరాన, నల్లరేగడి నేలల నడుమ వెలసిన కోయిలకుంట్లలో, ఉన్నత పాఠశాల లెక్కల టీచరు స్వర్ణలత కన్నుమూసింది. ఆ సంగతిని ఈ గాథ ఇంతకు మించి చెప్పదు. ఇది యుద్ధగాథ.

ఆమె బతికుండగా పదో తరగతి పిల్లల కోసం జాంగో అనే సాఫ్ట్‌వేర్ చట్రం మీద ఒక వెబ్‌సైటు కట్టింది. పది పాఠాలు తన గొంతుతో చెప్పి అందులో పెట్టింది. పదకొండోది త్రికోణమితి. దాని పేరు జాబితాలోకి ఎక్కింది గానీ పాఠం ఎక్కలేదు. ఆ పేరు మీద నొక్కినవారికి తెల్లటి తెర మీద నాలుగువందల నాలుగు అనే అంకె, దాని పక్కన నాట్ ఫౌండ్ అని రెండు ఇంగ్లీషు ముక్కలు ప్రత్యక్షమయ్యేవి.

అంతట మాఘమాసపు ఒకానొక ఆదివారం ఉదయాన, ఛందోవనవిహారి, సంధిసమాససంహర్త, ఇరవై ఎనిమిదేళ్లుగా ఎర్రసిరా ఖడ్గాన్ని ఒరలో పెట్టని యోధుడు, స్వర్ణలత భర్త, తెలుగు పండితుడు ఓబుళేశు సారుకు పదో తరగతి మధులత ఫోన్ చేసింది.

“సార్, మేడం వెబ్‌సైటులో పదకొండు నొక్కితే ఇంగ్లీషులో తిడతాండాది సార్.”

“ఏమని తిడతాండాది?”

“ఏమో సార్. నేనే ఏదో తప్పు జేసినట్టు ఉండాది. మేడం ఆ పాఠం తీసేసినారా సార్?”

సారు ఫోన్ పెట్టేసి, ఆగ్రహోదగ్రుడై, ఆరక్తలోచనుడై, గోడ గడియారం వంక చూస్తూ ఇలా గర్జించాడు: “ఓరీ చతురుత్తరచతుశ్శతనామధేయా! స్వర్ణలత గుమ్మంలో నిలబడి, వచ్చిన పిల్లలను పరభాషలో కసురుతావా? నేటి సూర్యాస్తమయంలోగా నిన్ను కూలదోసి నీ స్థానంలో తెలుగు పుటను ప్రతిష్ఠించకుంటే, నేను పట్టింది సుద్దముక్కే కాదు!”

గడియారం ఆగి రెండు నెలలైంది.

ప్రతిజ్ఞ ముగియగానే వీరుడు సైన్యసమీకరణకు పూనుకున్నాడు. సైన్యమంటే ఒక్కడే, కంప్యూటర్ టీచరు యేసుప్రసాద్. స్వర్ణలతకు సైటు కట్టడంలో సాయపడినవాడు, ఇప్పుడు ఆలూరుకు బదిలీ అయినవాడు. సారు ఫోన్ చేసేసరికి అప్పుడే చర్చి నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నాడు.

“ఇంతేనా అప్పా? ఒక పేజీ రాసి, దానికి 404 అని పేరు పెట్టి, ఫోల్డరులో పడెయ్. ఆ ఫోల్డరు యాడుండాదో సెట్టింగుల ఫైలులో ఒక వరస చెప్పు. సర్వరు మళ్లా నడిపించు. ఐపాయె. ఇంతకూ పేజీలో ఏం రాస్తాండావు?”

“అభీష్టపుటము అలభ్యము. మన్నింప ప్రార్థన.”

“పిల్లోళ్లు ఇంగ్లీషే మేలంటారు సారూ.”

ఈ పరాభవాన్ని మింగి, వీరుడు భార్య ల్యాప్‌టాపు తెరిచాడు. పేజీ రాశాడు, ఫోల్డరులో పెట్టాడు, సెట్టింగుల ఫైలు అనే దుర్గంలో ప్రవేశించాడు. యేసుప్రసాద్ చెప్పిన వరసను ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చేర్చాడు. అంతటితో ఆగి ఉంటే ఈ గాథ ఇక్కడే ముగిసేది. కానీ హాజరుపట్టీ మొదలు పాలవాడి చీటీ దాకా, పైన శ్రీ లేకుండా ఆయన చేతి నుంచి ఏ కాగితమూ వెలువడి ఎరగదు. చెయ్యి దానంతటదే ఫైలు నెత్తికి వెళ్లి శ్రీ అని రాసింది. సర్వరు మళ్లీ నడిపించాడు.

రెండు నిమిషాలకు ఫోన్ మోగింది.

“సార్, పొద్దున ఒక్క పాఠమే లేకుండె. ఇప్పుడు పదీ లేవు సార్.”

ధరణి కంపించలేదు, దిక్కులు మూసుకుపోలేదు. ఓబుళేశు సారు మాత్రం కుర్చీలో కూలబడ్డాడు. ఆ పది పాఠాల్లో ఉన్న గొంతు వేరే ఎక్కడా లేదు. యేసుప్రసాద్ నంబరు మూడోసారికి గానీ కలవలేదు.

“బెదరద్దు. పాఠాలు యాడికీ పోలే. తప్పుల చిట్టాలో ఆఖరి వరస చదువు.”

చదివాడు. యేసుప్రసాద్ నవ్వు ఆపుకోలేకపోయాడు. “శ్రీ ఎవరో దానికి తెలీదంట సారూ. ఆ పేరుగలోళ్లు ఎవరూ లేరంటాండాది. తీసెయ్.”

“శ్రీకారాన్ని తుడవడమా! ఈ చేత్తోనా!”

“సరే తుడవద్దులే. దాని ముందర ఆ అడ్డగీతల నిలువుగీతల హ్యాష్ గుర్తు పెట్టు. ఆ గుర్తు ఎనక ఏం రాసినా మిషను చదవదు. మనుషులు చదువుకునేదానికి రాసుకుంటారు. మేడం శానా రాసేది.”

పెట్టాడు. సర్వరు లేచింది. మొదటి పాఠం నొక్కాడు. “పిల్లలూ, పుస్తకాలు తీయండి” అంది స్వర్ణలత. అంతవరకు విని ఆపాడు.

ఆ తర్వాత ఆ గుర్తుల కోసం ఫైళ్లన్నీ వెతికాడు. పాఠాల జాబితాలో, పదకొండో వరస చివర, మిషను ఎన్నడూ చదవని ఒక మాట ఉంది: “దసరా సెలవుల్లో రాయాలి. ఈయనకు కూడా అర్థమయ్యేట్టు.”

ఓబుళేశు సారు త్రికోణమితిలో పదో తరగతినాడే ఓడినవాడు. ఆ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

అలభ్యాన్ని, అభీష్టాన్ని, ప్రార్థనను ఎర్రసిరా యోధుడు తన చేత్తోనే కొట్టేశాడు. వాటి చోట ఇలా రాశాడు: “నువ్వు వెతికింది ఇక్కడ లేదు. తప్పు నీది కాదు. ఉన్న పాఠాలకు ఇక్కడ నొక్కు.” పైన శ్రీ ఉంది, దాని ముందు గుర్తు లేదు. ఈ పేజీని చదివేది పిల్లలు.

సూర్యుడు ఇంకా ఎర్రబడకముందే మధులత ఫోన్ వచ్చింది. “సార్, ఇప్పుడు తిట్టడంలే సార్. తప్పు నాది కాదంట.”

జయము, జయము! కుందూ మొదలు నల్లమల దాకా ఆలకించండి: ఏడు గంటల ఘోరసంగ్రామంలో ఒక పండితుడు, ఒక మిత్రుడి అండతో, మూడు వాక్యాల పేజీ ఒకటి నిలబెట్టాడు.

పదకొండో పాఠం ఇంకా రాయాలి.