పన్నీరు పిల్లరు

ఆ ఆదివారం పొద్దున గోవర్ధన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిను వేళలోగా రాగి పైపును చుట్టగా చుట్టాలి. భోజనాల వేళకు బిందెను పొయ్యెక్కించాలి. సాయంత్రానికి ఒక సీసాడు పన్నీరు దించి ప్రేమలత చేతిలో పెట్టాలి.

గోవర్ధన్‌ది శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గోలో పెట్టెలు తూకం వేయించే ఉద్యోగం. అతని భార్య ప్రేమలత కందుకూరు దగ్గరున్న అరెకరంలో గులాబీలు పెంచుతుంది. దసరా దాటాక పూలను అడిగేవాడు లేకుండా పోయాడు. మొన్న రెండు గంపల పూలు మార్కెట్ బయట పారబోసి వచ్చి, ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. ఆకలిగా లేదంది. పెళ్లయిన నాటి నుంచి ఆమె నోట ఆ మాట వినని గోవర్ధన్‌కు కాళ్లూ చేతులూ ఆడలేదు. మర్నాడే పన్నీరు తీసే బట్టి ఎలా కట్టాలో ఫోన్లో వీడియోలు చూడడం మొదలుపెట్టాడు.

ప్రేమలతకు నమ్మకం కుదరలేదు. కారణం లేకపోలేదు. ఇంతకు ముందు గోవర్ధన్ బాత్రూంలో పుట్టగొడుగులు పెంచాడు. అవి తప్ప మిగతావన్నీ మొలిచాయి. ఆ తర్వాత డ్రమ్ములో చేపలు పెంచాడు. వాటి సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు, ప్రేమలత తమ్ముడు వీరేందర్ తప్ప. వీరేందర్ ప్రతి పెళ్లిలోనూ భోజనాల పంక్తి మధ్యలో నిలబడి ఆ చేపల కథ చెప్పేవాడు.

బట్టి అంటే పెద్ద యంత్రమేమీ కాదు. మూతకు చిల్లి పెట్టిన రాగి బిందె, ఆ చిల్లికి ఒక పైపు. బిందెలో పూలూ నీళ్లూ పోసి కాస్తే, ఆవిరి పైపులోకి ఎక్కుతుంది. ఆ పైపు స్ప్రింగులా చుట్టలు తిరిగి చన్నీళ్ల డ్రమ్ములో మునిగి ఉంటే, ఆవిరి చల్లబడి అడుగున చుక్కచుక్కగా పన్నీరై దిగుతుంది. అంతా సిద్ధమైంది. చుట్ట ఒక్కటే మిగిలింది.

ఏసీలు బాగుచేసే మధు రాగి పైపు తెచ్చి అప్పగించాడు.

"అన్నా, కాల్చి మెత్తగ చేసిన. లోపల ఇసుక గూడ నింపిన, ఇగ నొక్కుకపోదు. గుండ్రటి దానికి గట్టిగ చుట్టు. ఒక్కసారే చుట్టాలె, యాదుంచుకో. చుట్టినంక గట్టిపడ్తది. మళ్ల విప్పబోతే మడతపడి ఖరాబయితది."

"గంత మాత్రం తెల్వదా," అన్నాడు గోవర్ధన్.

మధు వెళ్లాక గుండ్రటి దానికోసం ఇల్లంతా వెతికాడు. గ్యాస్ సిలిండరు మంచి కొలతే గాని దాని మీద పప్పు ఉడుకుతోంది. పాలక్యాను సన్నం. డ్రమ్ము లావు. విసిగిపోయి వరండాలోకి వచ్చి పిల్లరుకు ఆనుకుని నిలబడ్డాడు. అప్పుడు వీపుకు తెలిసింది, ఆ పిల్లరు గుండ్రంగా ఉందని. ఇల్లు కట్టేటప్పుడు ప్రేమలత పట్టుబట్టి పోయించుకున్న సిమెంటు పిల్లరు అది. చేతులతో కొలిచి చూశాడు. చన్నీళ్ల డ్రమ్ములో దిగడానికి సరిగ్గా సరిపోయే చుట్టుకొలత. ఇంతకాలం కళ్లెదుటే ఉండి కనపడనందుకు తనను తనే తిట్టుకున్నాడు.

పైపు కొస పట్టుకుని పిల్లరు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఒక చుట్టును ఆనుకుని మరో చుట్టు, వెంట్రుకవాసి తేడా లేకుండా. చెమటలు కారాయి, అరచేతులు ఎర్రబడ్డాయి. చివరి చుట్టు బిగించి నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంటే, ఎండలో చుట్ట మొత్తం బంగారంలా మెరిసింది. జీవితంలో తాను మొదలుపెట్టి పూర్తిచేసిన మొదటి పని అదేనని అతనికి అనిపించింది. ప్రేమలతను పిలిచాడు.

ఆమె పిండి చేతులతోనే వచ్చింది. చుట్టను పైనుంచి కిందిదాకా చూసింది.

"మంచిగుంది. సాపుగ చుట్టినవ్," అంది.

గోవర్ధన్ పొంగిపోయాడు.

"ఇగ తీయి," అంది.

గోవర్ధన్ చుట్టను రెండు చేతులా పట్టుకుని పైకి నెట్టాడు. నెట్టి, పైకి చూశాడు. పైన స్లాబు ఉంది. కిందికి చూశాడు. కింద నేల ఉంది. కాసేపు ఆ రెంటినీ మార్చి మార్చి చూశాడు.

"ఏమయ్యా, పిల్లరుకు కొస ఉండదని నీకు తెల్వదా?" అంది ప్రేమలత. ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. గోవర్ధన్‌కు అదే ఎక్కువ బాధ కలిగించింది.

సరిగ్గా అప్పుడే గేటు ముందు వీరేందర్ కారు ఆగింది.

వీరేందర్ ఆ చుట్టుపక్కల ప్లాట్ల వెంచరు వేశాడు. రోడ్లు పోశాడు, మొక్కలు నాటాడు, ఏనుగు బొమ్మలతో గేటు కట్టించాడు. ప్లాట్లు మాత్రం కదల్లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు రేటు అడిగేలోగా నెత్తి మీంచి విమానం పోయేది. అది పోయేసరికి వాళ్లూ పోయేవాళ్లు.

"ఏంది బావా గిది?" అన్నాడు వీరేందర్ పిల్లరు చుట్టూ తిరుగుతూ.

పన్నీరు బట్టి అని చెబితే వీరేందర్ చివరి మాట ఒక్కటే మనసులో పెట్టుకుంటాడు. తెల్లారేసరికి గోవర్ధన్ ఇంట్లో సారా కాస్తున్నాడని బాలాపూర్ దాకా తెలుస్తుంది. పోనీ జరిగింది జరిగినట్టు చెబితే, పెళ్లి పంక్తుల్లో చేపల కథ పోయి పిల్లరు కథ వస్తుంది. ఏం చెప్పాలో తోచక గోవర్ధన్ నోరు తెరిచాడు. అంతలో ఇంటి కిటికీలు గలగలమనేలా నెత్తి మీంచి విమానం పోయింది.

"దీని కోసం," అన్నాడు గోవర్ధన్, వేలు పైకెత్తి. "సప్పుడు కోసం. రాగి గుంజుకుంటది. లోపల ఇసుక గూడ ఉన్నది."

"సప్పుడు ఏం తగ్గలే గద?"

"ఇప్పుడే చుట్టిన. జర టైం పడ్తది."

వీరేందర్ భోజనం చేస్తున్నంతసేపూ పిల్లరు వైపే చూశాడు.

సోమవారం గాలి తిరిగింది. వానకాలం గాలి పోయి చలికాలం గాలి మొదలయ్యే రోజులవి. విమానాలు గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. గాలి దిక్కు మారితే వాటి దారీ మారుతుంది. కార్గోలో పనిచేసే గోవర్ధన్‌కు ఇది తెలిసిన సంగతే. అతని వీధికి మాత్రం తెలిసింది ఒక్కటే. ఆదివారం గోవర్ధన్ పిల్లరుకు రాగి చుట్టాడు, సోమవారం నుంచి విమానం సప్పుడు లేదు.

ఎదురింటి సత్తెమ్మ పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది.

"ఎన్నేండ్లకు కండ్ల నిండ నిద్రపోయిన బిడ్డా," అని చుట్టకు బొట్టు పెట్టింది.

"పెద్దమ్మా, నాది కాదు గా పుణ్యం. గాలి తిరిగింది. అందుకే విమానాలు అటుదిక్కు పోతున్నయ్."

సత్తెమ్మ అతన్ని జాలిగా చూసింది. "మరి గాలిని తిప్పింది ఎవరు బిడ్డా?"

గోవర్ధన్ ఆమె ఇచ్చిన కొబ్బరిచిప్ప అందుకున్నాడు.

బుధవారానికల్లా వీధిలో సగం పిల్లర్లు రాగి కట్టుకున్నాయి. ఏసీలు బాగుచేయడం మానేసి మధు పొద్దస్తమానం పైపులు చుట్టాడు. గోవర్ధన్‌కు ఇంకోటి ఇవ్వడానికి అతని దగ్గర పైపే మిగల్లేదు. పలకల పిల్లర్లున్నవాళ్లు సిమెంటు పూయించి గుండ్రంగా చేయించుకున్నారు. పిల్లరే లేని ఒకాయన బర్రెల కొట్టంలో గుంజకు చుట్టించుకుని, పాలు పెరిగాయని అందరికీ చెప్పాడు. చుట్టించుకోని వాళ్ల ఇళ్లలోనూ సప్పుడు లేదు కదా అని గోవర్ధన్ అడిగితే, పక్కింటి రాగి వాళ్లకు కూడా పనిచేస్తోందన్నారు. అలా ఊరికే లాభం పొందుతున్నవాళ్లతో రెండు చోట్ల గొడవలు కూడా జరిగాయి.

గోవర్ధన్‌కు పైపు కోసి పడేద్దామనిపించింది. ఇనుము కోసే ఆక్సా బ్లేడు తీసుకుని వరండాలోకి వచ్చాడు. గేటు దగ్గర కూర్చున్న సత్తెమ్మ లేచి నిలబడింది. గోవర్ధన్ ఆ బ్లేడుతో కాసేపు గోళ్లు గీక్కుని లోపలికి వెళ్లిపోయాడు.

"నా పూలు మళ్ల విచ్చుకున్నయ్," అంది ప్రేమలత ఆ సాయంత్రం, కంచంలోకి చూస్తూ. "ఈ గంపలు గూడ పారబోసి రావాల్నా?"

మర్నాడు గోవర్ధన్ తెగించి వీరేందర్‌కు ఫోన్ చేశాడు. అది విమానాల కోసం చుట్టింది కాదని, పన్నీరు బట్టి కోసమని, తీయరాక అబద్ధమాడానని మొత్తం చెప్పాడు.

"బావా, నా తోని గూడ దాస్తవా?" అన్నాడు వీరేందర్, నొచ్చుకున్న గొంతుతో. "నీ ఫార్ములా నేను అడుగుత లేను గద. జర శనివారం ఒక పార్టీని తీస్కొస్త. నువ్వేం మాట్లాడకు. పిల్లరు చూపెట్టు, సాలు."

శనివారం మధ్యాహ్నం వీరేందర్ తెచ్చిన పార్టీ పేరు దశరథం. తెల్లటి బట్టలు, కళ్ల కింద నల్లటి వలయాలు. ఒక్క ప్లాటు కాదు, కొడుకులకూ బిడ్డలకూ కలిపి వరుసంతా కొంటానన్న మనిషి. ఆయన్ను వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, ప్రేమలత చాయ్ ఇచ్చింది. వీరేందర్ పిల్లరు పక్కన నిలబడి చుట్ట మీద చెయ్యి వేశాడు.

"సార్, వినుండ్రి," అన్నాడు.

అందరూ విన్నారు. ఎక్కడో కోడి కూసింది. సత్తెమ్మ ఇంట్లో కుక్కరు ఈల వేసింది.

"ఏం వినమంటవ్?" అన్నాడు దశరథం.

"గదే సార్. ఏం వినబడ్త లేదు. ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్నం, విమానం సప్పుడు లేదు. మా బావ కనిపెట్టిండు. మన వెంచర్ల ప్రతి ఇంటికి ఈ రాగి చుట్టిచ్చి ఇస్త."

దశరథం చాయ్ కప్పు కింద పెట్టేశాడు.

"నేను బేగంపేటల విమానం ఇంజన్ల పని చేసిన," అన్నాడు మెల్లగా. "ఇల్లు గూడ ఎయిర్‌పోర్టు గోడ పక్కనే. ఎయిర్‌పోర్టు ఇటు మారిన రోజు నుంచి నాకు నిద్ర లేదు. ఎన్ని దవాఖానలు తిరిగిన్నో. ఆ సప్పుడు కింద పండుకుంటె తప్ప నా కన్నంటుకోదు. గందుకనే ఈడ ప్లాటు చూస్తున్న. నువ్వేమో ఉన్నదాన్ని బంద్ చేసి పెట్టినవ్."

ఆయన లేవబోయాడు. వీరేందర్ ఆయన భుజాలు పట్టి మళ్లీ కూర్చోబెట్టి, గోవర్ధన్‌ను మూలకు లాక్కుపోయాడు.

"బావా, తీసెయ్ దాన్ని."

"రాదు."

"కోసెయ్ మరి."

గోవర్ధన్ నోట్లోకి నిజమే రాబోయింది. సాయంత్రానికి గాలి మళ్లీ పాతదిక్కుకు తిరుగుతుందని పొద్దున ఆఫీసులో అనుకున్నారు. రాగి ఉన్నా లేకున్నా విమానాలు రావడం ఖాయం. కాని వారం రోజులుగా నిజం చెప్పి అతను బాగుపడింది లేదు. తలుపు పక్కన ప్రేమలత రెండు గంపల గులాబీలకు తడిగుడ్డ కప్పుతోంది.

"కోస్తే ఇగ ఎన్నటికీ పనిచెయ్యది," అన్నాడు గోవర్ధన్. "చుట్ట చుట్ట లెక్కనే రావాలె."

వీరేందర్ ఆలోచించాడు. వీధిలో మిగతావన్నీ నకళ్లు, అసలు ఫార్ములా ఈ చుట్టలోనే ఉందని అతని నమ్మకం. రేపు సప్పుడు వద్దనే పార్టీ వస్తే చుట్ట మళ్లీ కావాలి. ఇవాళ్టి పార్టీకి అది ఉండకూడదు. వెంటనే వెంచరులో పనిచేసే పాండు మేస్త్రీకి ఫోన్ చేశాడు. అరగంటలో పాండు సెంట్రింగు జాకీలు, సుత్తులు, నలుగురు మనుషులతో దిగాడు. స్లాబు కూలకుండా దాని కింద రెండు ఇనుప జాకీలు బిగించారు.

"అన్నా, మంచి పిల్లరు. ఎందుకు కొట్టుడు?" అన్నాడు పాండు.

"విమానాలు రావాలె," అన్నాడు వీరేందర్.

పాండు పెద్ద పెద్ద కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసినవాడు. ఇంకేమీ అడగకుండా సుత్తి అందుకున్నాడు.

చుట్టకు గోనెసంచులు కప్పి, దానికి పైన పిల్లరును పగలగొట్టారు, లోపలి ఇనుప చువ్వలు కోశారు. సాయంత్రమవుతుండగా గోవర్ధన్ చుట్టను పసిపిల్లను ఎత్తినట్టు మెల్లగా పైకెత్తి, మొండి పిల్లరు మీంచి తప్పించాడు. ఒక్క సొట్ట లేదు.

అది అతని చేతుల్లోకి వచ్చిన రెండు నిమిషాలకు ఎక్కడో సన్నగా మొదలై, పెద్దదై, కిటికీలను గలగలలాడిస్తూ నెత్తి మీంచి విమానం పోయింది. వీరేందర్ రెండు చేతులెత్తి గోవర్ధన్‌కు దండం పెట్టాడు. ఆ వెనకే మరో విమానం వచ్చింది.

"సార్, ఇగ కాగితాల మీద సంతకం," అని వీరేందర్ కుర్చీ వైపు తిరిగాడు. దశరథం మెడ పక్కకు వాలిపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. వీరేందర్ పిలిచాడు, దగ్గాడు, మోకాలు తట్టాడు. ప్రతి విమానానికీ ఆయన ఇంకొంచెం హాయిగా ఒదిగాడు. ఎన్నో ఏళ్ల బాకీ నిద్ర అది, లేపడం ఎవరివల్లా కాలేదు. కాగితాలు పట్టుకుని వీరేందర్ ఆయన కాళ్ల దగ్గర మెట్టు మీద కూర్చుండిపోయాడు.

వీధిలో తలుపులు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. సత్తెమ్మను ముందు పెట్టుకుని అందరూ గేటు దగ్గరికి వచ్చారు, చుట్టను వెంటనే పిల్లరుకు ఎక్కించమన్నారు. గోవర్ధన్ పిల్లరు ఉన్న చోటు చూపించాడు. వాళ్లు దాన్ని చూసి, జాకీల మీద నిలబడ్డ స్లాబును చూసి, గేటుకు అవతలే ఆగిపోయారు.

ప్రేమలత గంపలు పట్టుకుని బయటికి వచ్చింది. మొగుడి చేతుల్లోని రాగి చుట్టను చూసింది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో నవ్వులాంటిది కనిపించింది. మరో విమానం పోయింది. స్లాబు మీంచి కొంచెం సున్నం రాలి గులాబీల మీద పడింది. ఆమె దాన్ని ఊదేసి, తల పైకెత్తి చూసింది.

"ఇల్లు నిలబడితే పొద్దుగాల పొయ్యి ముట్టిద్దాం," అంది.