సెవెరినో జ్వరపెట్టె

పండగనాడు పొద్దున్నే బసీలియా అనుకున్నది ఇంతే: వేడిగా కాఫీ తాగాలి, మడతల లంగా కట్టుకోవాలి, కొండమీది ఎల్ ఆల్తో పట్నం వీధుల్లో సాగే నాట్యంలో ముందు వరసలో నిలబడాలి. ముందు వరస దక్కడం ఆమెకిదే మొదలు. ఏటా బహుమతి ఎగరేసుకుపోయే పక్కవీధి బృందం ముఖాలు మాడిపోతుంటే కళ్ళారా చూడాలని, మోకాళ్ళకు నూనె రాసుకుంటూ సాధన చేసింది మరి.

మొగుడు సెవెరినో మినీబస్సు తోలడం మానేశాక ఊరికే కూర్చోలేకపోయాడు. వేలెడంత మైక్రోకంట్రోలర్ బోర్డు, నాలుగు వైర్లు, ఒక సబ్బుపెట్టె పోగేసి సొంతంగా థర్మామీటరు కట్టాడు. మరిగే నీళ్ళలో ముంచితే అది ఎనభై ఆరు చూపించింది. "మరిగే నీళ్ళంటే నూరు కదా!" అని విసుక్కుని, ఎనభై ఆరు దగ్గర నూరు చూపేలా, ఆ నిష్పత్తిలోనే అంకెలన్నీ పెంచి దాన్ని సరిచేశాడు.

"చంకలో పెట్టుకో. బోణీ నీదే."

"లంగా కట్టుకునేవేళ నీ సబ్బుపెట్టె గోలేంటయ్యా!"

పెట్టె మీద నలభై రెండు వెలిగింది.

"అమ్మో! ముప్పై ఏడు దాటకూడదే! పడుకో, కదలకు!"

"నాకేం కాలేదయ్యా, రాయిలా ఉన్నా!"

"జ్వరం ముదిరితే అలాగే అనిపిస్తుందే!"

బసీలియాను దుప్పట్లో చుట్టేశాడు. అంతలో నాట్యానికి పిలవడానికి పొరుగింటి హిలారియా వచ్చింది.

"ఏం వదినా, పండగపూట కొత్తపెళ్ళికూతురిలా మంచం దిగవా?"

ఆమెకూ పెట్టాడు. నలభై రెండు. తనకూ పెట్టుకున్నాడు. నలభై రెండే. వెతుక్కుంటూ వచ్చిన బృంద నాయకుడు రొసెండోకీ, వాద్యాలవాళ్ళకీ అంతే. కాసేపటికి వాకిలి నిండా తళుకుల లంగాలు, నుదుట తడిగుడ్డలు, చేతుల్లో కోకా ఆకు కషాయం. బాకా ఊదేవాడు బాకాను కావలించుకుని దేవుడికి మొక్కుకుంటున్నాడు. హిలారియా ఊరుకోక పక్కవీధిలోని పిన్నికి ఫోను చేసి, అంటుజ్వరం పాకుతోందని చెప్పింది. ఆ పిన్ని చెప్పనిచోటు లేదు.

దుప్పటికింద బసీలియా కళ్ళు తుడుచుకుంది. ముందు వరస గాలికి పోయినట్టే.

చివరికి కుక్కకూ పెట్టి చూశాడు సెవెరినో. నలభై నాలుగు! ఆ కుక్క ఒక్క దూకు దూకి, రొసెండో చేతిలోని పందిమాంసం ముక్క లాక్కుని వాకిలంతా పరుగులు తీసింది.

బసీలియా దుప్పట్లోంచి తల బయటపెట్టింది. "ఏవయ్యా, చావబోయేదానికి అంత ఆకలా?"

సెవెరినో కుక్కను చూశాడు, పెట్టెను చూశాడు. అప్పుడు తన పాత బస్సు గుర్తొచ్చింది. కింది లోయలో నిమ్మళంగా ఉండే రేడియేటరు, ఈ ఎత్తుకు ఎక్కేసరికి సూది ఎర్రగీత తాకకముందే బుసలు కొట్టేది. ఇంత కొండమీద నీళ్ళు నూరుదాకా ఎక్కడ ఆగుతాయి? ఎనభై ఆరుకే మరిగిపోతాయి.

"పెట్టె నిజమే చెప్పిందే! నేనే దానికి అబద్ధం నేర్పాను," అన్నాడు తల పట్టుకుని.

"కుక్కరు లేందే గింజ ఉడకని ఇంట్లో ఇన్నేళ్ళు తిన్నావు, అప్పుడైనా తట్టలేదా? జరుగు, నా టోపీ ఎక్కడ?"

తడిగుడ్డలు ఎగిరాయి, బాకా మోగింది. బసీలియా ముందు వరసలో లంగా గిరగిరా తిప్పుతూ వీధి చివరిదాకా వెళ్ళింది. మొదటి బహుమతి వాళ్ళదే అయింది.

పక్కవీధి బృందానికి ఆ పెట్టె తాకకుండానే జ్వరం వచ్చి, ఒక్కరూ మంచం దిగలేదు.