సున్నా గెలుస్తుందా, ఒకటి గెలుస్తుందా: కుచేరా వారి కొట్టం కూలిన వైనం

దిగంతాలే సరిహద్దులుగా పరచుకొన్న నెబ్రాస్కా మైదానసీమలో, మొక్కజొన్న ఇంకా మోకాలెత్తుకు రాని జూన్ మాసారంభాన, నిన్నటి సాయంసంధ్యవేళ నభోమండలం నుండి అవతరించి ఏడు నిమిషాలపాటు స్వైరవిహారం చేసి అంతర్ధానమైన సుడిగాలి ప్రతాపాన్ని కొలిచి అంకె వేయవలసిన గురుతరభారం, వాతావరణ కార్యాలయపు పరీక్షాధికారిణి, టేపుధారిణి, పంకిలపాదుక మార్లిస్ టిమ్ భుజస్కంధాలపై పడింది.

నేలమట్టమైన కొట్టం పక్కన, డెబ్బై నాలుగేళ్ళ రైతువీరుడు అల్విన్ కుచేరా నిలిచి ఉన్నాడు. మనుషులు క్షేమం, ఆవులు క్షేమం. అయినా ఆయన హృదయం కల్లోలసాగరం. ఏలనన, ఆ కొట్టాన్ని ముప్పై ఏళ్ళ కిందట స్వహస్తాలతో కట్టింది ఆయనే. సుడిగాలికి సున్నా నుండి ఐదు దాకా అంకెలు వేస్తారు. ఒకటి వస్తే కూల్చింది గాలి. సున్నా వస్తే కూల్చింది ఆయన వడ్రంగం. ఈ రెండో వాదాన్ని ముప్పై ఏళ్ళుగా అవిచ్ఛిన్నంగా వినిపిస్తున్న ధర్మపత్ని లవోన్, కాఫీ ఫ్లాస్కును గదవలె చేబూని రణరంగంలోనే ఉంది.

మార్లిస్ మోకరిల్లి, దూలాలు తిరగేసి, మేకులు లెక్కించింది. నాలుగుండవలసిన చోట రెండే ఉన్నాయి.

"ఏమీ అనుకోకండి అల్విన్ గారూ. ఇది పడ్డానికి పెద్ద గాలి అక్కర్లేదు. నాకైతే సున్నానే కనిపిస్తోంది."

లవోన్ తాపీగా కాఫీ పోసుకుంది. ఆ కాఫీ ధారే శతఘ్ని.

అల్విన్ తేరుకొని, గాలి ఇక్కడితో ఆగలేదనీ, అవతల ఓక్ చెట్టు కూడా పోయిందనీ విన్నవించుకున్నాడు. అంతట ముగ్గురూ ముళ్ళకంచెలను అతిక్రమించి, బురదసముద్రాన్ని ఈది, మార్లిస్ ఎడమ బూటును ఒకసారి ఆ సముద్రానికి సమర్పించి మరల సాధించి, నడుమెత్తున ఫెళ్ళున విరిగిన ఆ వృక్షరాజాన్ని చేరుకున్నారు. చేవగల చెట్టు విరిగితే ఒకటి ఖాయం. పుచ్చు చెట్టయితే లెక్కలోకి రాదు. మార్లిస్ కత్తి గుచ్చి చూసి, చెట్టు నాటిన లవోన్‌ను అడిగింది, మునుపెప్పుడైనా తెగులు పట్టిందా అని.

అవునని ఒక్క మాట అంటే చాలు, ముప్పై ఏళ్ళ యుద్ధం లవోన్‌దే. అల్విన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తెగులా, నా చెట్టుకా? బకెట్లతో నీళ్ళు మోసి పెంచానమ్మా. ఆయన కొట్టం సంగతి నన్నడక్కు గానీ, ఇది మాత్రం నల్లరాయి."

మార్లిస్ రాసుకుంది: గాలి వేగం గంటకు తొంభై ఐదు మైళ్ళు.

"కొట్టం దగ్గర సున్నా, చెట్టు దగ్గర ఒకటి. మొత్తం మీద పెద్ద అంకే లెక్కండి."

"అంటే ఒకటేగా?" అన్నాడు అల్విన్.

"ఒకటే."

వినుడు, ఊరి ధాన్యపు గోదాములో కబుర్ల బల్ల చుట్టూ కూర్చున్న నలుగురు రైతులారా! ఐదు మెట్ల నిచ్చెనలో మొదటి మెట్టును అధిరోహించి, పెళ్ళాం చెట్టు పుణ్యాన దిగ్విజయుడై, అల్విన్ కుచేరా ట్రక్కులో మీ వద్దకే వస్తున్నాడు. ఆయనకు వచ్చిన అంకె సున్నా కన్నా అక్షరాలా ఒకటి ఎక్కువ.