రెండో వంతు మీద ప్రజాభిప్రాయం

ఆష్‌ఫోర్డ్ కౌంటీలో ఇకమీదట ప్రజలను అడగకుండా ఏ పెద్ద నిర్ణయమూ జరగదని కౌంటీ అధినేత టాడ్ బ్రానిగన్ గారు మార్చి నెలలో ఒకనాడు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. విలేకరులు అడిగింది నిజానికి కుళాయిల్లో వస్తున్న ఎర్రనీళ్ల గురించి. పాత పైపులు ఎప్పుడు మారుస్తారని ఒక అమ్మాయి రెండుసార్లు అడిగింది. బ్రానిగన్ గారు ఆమె వంక ఎంతో ఆప్యాయంగా చూశారు.

"మంచి ప్రశ్న వేశావమ్మా. ప్రజల కుళాయిలో ఏముందన్నది ఇంజనీర్లు చూసుకుంటారు. ప్రజల గుండెలో ఏముందో చూడ్డం నా పని. ప్రజల గుండెలో ఉన్నది టగ్స్!"

టగ్స్ ఆ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. కిందటి సీజన్లో ఒక్క ఆట తప్ప అన్నీ ఓడిపోయింది. ఆ ఒక్కటీ మంచు తుఫానులో అవతలివాళ్లకు బంతి కనపడక గెలిచింది. ఎంత ఘోరంగా ఓడితే ఏప్రిల్ డ్రాఫ్టులో కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే వంతు అంత ముందు వస్తుంది కాబట్టి టగ్స్‌కు రెండో వంతు దక్కింది. ఓడిపోవడంలో కూడా మొదటి స్థానం చేజారిందని ఊరు కొంచెం నొచ్చుకుంది.

ఆ రెండో వంతుతో ఏం చేయాలి? ఉన్నచోటే నిలబడి పేరున్న కుర్రాణ్ని తీసుకోవాలా, లేక వంతును వెనకనున్న జట్టుకి ఇచ్చేసి, కిందికి దిగి, బదులుగా ఇంకో రెండు మూడు చిన్న వంతులు సంపాదించుకోవాలా? ఈ సంగతి తేల్చడానికి బ్రానిగన్ గారు పౌర డ్రాఫ్ట్ సలహా సంఘాన్ని నియమించారు. అధ్యక్షులు తామే. ఉపాధ్యక్షులుగా స్టాన్ డ్యూడెక్‌నూ, క్లారెన్స్ టాలివర్‌నూ వేశారు.

స్టాన్‌ది సైలెన్సర్లు బాగుచేసే షాపు. క్లారెన్స్ ఉత్తరాలు పంచి రిటైరైనవాడు. స్టేడియంలో అన్నిటికంటే పై వరసలో, సరస్సు గాలి నేరుగా చెవుల్లో దూరేచోట, ఇద్దరివీ పక్కపక్క సీట్లు. స్టాన్ భార్య మార్లీన్‌కు ఆపరేషన్ అయినప్పుడు వారం రోజులు షాపు తెరిచి కూర్చున్నది క్లారెన్సే. ఒక్క సైలెన్సరూ సరిగ్గా బిగించలేదు గాని, వచ్చినవాళ్లందరికీ కాఫీ మాత్రం ఇచ్చాడు.

పదవులొచ్చిన రోజు ఇద్దరూ జిగ్గీ బార్లో బీరు తాగుతూ కూర్చున్నారు.

"ఇంకేముందిరా, తేలిపోయినట్టే. మెక్‌లెండన్ కుర్రాణ్ని తీసుకోవాలి. వెనక నిలబడి బంతి విసిరి ఆట నడిపించే అలాంటి క్వార్టర్‌బ్యాక్ మన జన్మలో మళ్లీ దొరకడు" అన్నాడు స్టాన్.

"దొరికి ఏం చేస్తాడు? ముందర అడ్డుకునే గోడ లేకపోతే రెండో ఆటకే వాణ్ని స్ట్రెచర్ మీద మోసుకుపోతారు. కిందికి దిగుదాం. ఒక్కడి బదులు ముగ్గురు లావుపాటోళ్లు వస్తారు."

"నా చిన్నప్పట్నించీ గోడలే కడుతున్నాం క్లారెన్స్. వెనక నిలబడే మగాడేడీ?"

"నువ్వు సైలెన్సర్ కూడా ఇట్లాగే కొంటావా? బండి తుప్పు పట్టి పోతుంటే తళతళలాడే గొట్టం ఒకటి తగిలిస్తావా?"

వృత్తి మీద పడేసరికి స్టాన్ గ్లాసు కింద పెట్టాడు. "ఉత్తరాలు పక్కింట్లో పడేసి వచ్చినవాడివి నువ్వా నాకు చెప్పేది?"

క్లారెన్స్ తన బీరుకు డబ్బులు పెట్టి, టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. ప్రజాస్వామ్యం అలా మొదలైంది.

వారం తిరక్కుండా ఊరు నిలుపు వర్గం, దిగుడు వర్గం అని రెండైంది. ఇళ్ల ముందు గడ్డిలో బోర్డులు లేచాయి. నిలుపువాళ్లు అవతలివాళ్లను దిగజారుడుగాళ్లన్నారు. దిగుడువాళ్లు వీళ్లను దిష్టిబొమ్మలన్నారు. ఆదివారం ప్రార్థనలో ఫాదర్ "ప్రభువు మనకోసం భూమికి దిగివచ్చాడు" అనగానే ఎడమవైపు బెంచీలు చప్పట్లు కొట్టాయి. పై వారం నుంచి ఫాదర్ ఆ మాట మానేసి "విచ్చేశాడు" అన్నారు.

బ్రానిగన్ గారి నిష్పాక్షికత చూసి తీరాలి. గురువారం నిలుపు వర్గం విందుకు వెళ్లి, మాంసం సాసేజీ చేత్తో పట్టుకుని, "ఆష్‌ఫోర్డ్ కౌంటీ ఎన్నడూ వెనకడుగు వెయ్యలేదు!" అన్నారు. శుక్రవారం దిగుడు వర్గం విందుకు వెళ్లి, వేయించిన చేప చేత్తో పట్టుకుని, "తెలివైనవాడు ఎప్పుడు వంగాలో తెలిసినవాడు!" అన్నారు. రెండు చోట్లా కళ్లలో నీళ్లు తిరిగాయి. షికాగో నుంచి ఒక కన్సల్టెంటును కూడా రప్పించారు. అతను తెరమీద రంగురంగుల బొమ్మలు వేసి, నిలబడటంలోనూ దిగడంలోనూ ముందుకు సాగే అవకాశాలు సమానంగా ఉన్నాయని నిరూపించాడు. రెండు వర్గాలూ తామే గెలిచామని ఇళ్లకు వెళ్లాయి.

ఆఖరి బహిరంగ విచారణ చర్చి హాల్లో పెట్టారు. వేదిక మీద బ్రానిగన్ గారికి చెరో పక్కా స్టాన్, క్లారెన్స్ కూర్చున్నారు. ఇద్దరూ చెరో గోడనూ చూస్తున్నారు. మైకు ముందు వరస చాలా పొడుగ్గా ఉంది. ఒకాయన మెక్‌లెండన్ బొటనవేలి పొడవు గురించి చెప్పాడు. ఒకావిడ లావుపాటి కుర్రాళ్లు తల్లులను బాగా చూసుకుంటారని చెప్పింది. ఆమె తర్వాత మైకు దగ్గరికి వచ్చినది మార్లీన్. చేతిలో పచ్చడి సీసా. అందులో టీ రంగు నీళ్లు.

స్టాన్ కుర్చీలో ముందుకు జరిగాడు. ఇంట్లో ఆమె తనతో ఈ సంగతి ఒక్క మాట కూడా అనలేదు.

"ఇవి పొద్దున మా కుళాయిలోంచి పట్టినవి సార్. వీటితోనే మా ఆయన కాఫీ పెట్టుకుని తాగి ఇక్కడికి వచ్చాడు" అంది మార్లీన్.

బ్రానిగన్ గారు ముందుకు వంగి, చాలా శ్రద్ధగా సీసాను చూశారు. "అమ్మా, మీరు నిలుపా, దిగుడా?"

"నేను అడుగుతున్నది పైపుల గురించి."

"అర్థమైందమ్మా. నిలుపా, దిగుడా?"

"పైపులు సార్!"

బ్రానిగన్ గారు గుమాస్తా వైపు తిరిగారు. "తటస్థులు అని రాసుకో. మన దగ్గర అన్ని అభిప్రాయాలకూ చోటుంది." హాలంతా చప్పట్లతో మోగింది. మార్లీన్ వేదిక వంక చూసింది. స్టాన్ తన పేరు రాసిన అట్టముక్కను సరిగ్గా నిలబెట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ రాత్రి ఆమె అతనికి భోజనం పెట్టింది గాని, ఎదురుగా కూర్చోలేదు.

సంఘంలో ఓట్లు సరిసమానమయ్యాయి. అధ్యక్షుల వారు తమ ఓటుతో ప్రతిష్టంభన తొలగించారు: నిలబడటాన్ని వదులుకోకుండా కిందికి దిగాలని తీర్మానం.

డ్రాఫ్టు రోజు సాయంత్రం స్టేడియం పార్కింగ్ స్థలంలో జనం కిక్కిరిసిపోయారు. ఏప్రిల్ అయినా సన్నగా మంచు పడుతోంది. పెద్ద తెర మీద కార్యక్రమం వస్తోంది. వేదిక మీద తెల్లగుడ్డ పరిచిన బల్ల, దానిమీద ఒక ఎర్ర ఫోను. టగ్స్ యాజమాన్యం నిర్ణయం తీసుకునే గదికి అది నేరుగా కలుస్తుందని బ్రానిగన్ గారు సెలవిచ్చారు. మొదటి జట్టు తన కుర్రాణ్ని ఎంచుకుంది. తెర మీద టగ్స్ గుర్తు పడింది. జనమంతా ఎర్ర ఫోను వైపు తిరిగారు.

బ్రానిగన్ గారు ఫోనెత్తి అంకెలు నొక్కారు. తీర్మానం మొత్తం గంభీరంగా చదివారు. మధ్యమధ్య ఆగి "అవును", "తప్పకుండా", "అది ప్రజల మాటండీ" అన్నారు. చివరకు ఫోను స్టాన్ చేతికిచ్చి, మైకు అతని నోటి దగ్గర పెట్టి, "ఉపాధ్యక్షుల వారు కూడా ఒక మాట చెప్పండి" అని భుజం మీద చెయ్యి వేశారు.

స్టాన్ గొంతు సవరించుకుని ఫోను చెవికి ఆనించాడు. అటునుంచి తీయని సంగీతం. ఆ తర్వాత రికార్డు చేసిన ఆడగొంతు: "మీ కాల్ మాకు చాలా ముఖ్యం. దయచేసి లైన్లో ఉండండి. వచ్చే సీజన్ టికెట్లకు డబ్బు కట్టడానికి ఒకటి నొక్కండి." మళ్లీ సంగీతం.

అతను బ్రానిగన్ గారి ముఖంలోకి చూశాడు. అక్కడ చిరునవ్వు చెక్కుచెదరలేదు. భుజం మీది చెయ్యి కొంచెం బరువెక్కింది.

"ఏమంటున్నారు స్టాన్?" కింద ముందు వరసలోంచి మార్లీన్ గట్టిగా అడిగింది. ఇన్నాళ్ల తర్వాత ఆమె అతన్ని అడిగిన మొదటి మాట అది.

వేలమంది ముఖాలు పైకెత్తి ఉన్నాయి. స్టాన్‌కు భార్యతో అబద్ధమాడే అలవాటు లేదు.

"లైన్లో ఉండమంటున్నారు" అన్నాడు మైకులో.

జనం హోరెత్తిపోయారు. టోపీలు గాల్లోకి లేచాయి. "ఇటివ్వరా, నీకు మాట్లాడ్డం చాతకాదు" అని క్లారెన్స్ ఫోను లాక్కున్నాడు. చెవికి పెట్టుకున్నాడు. విన్నాడు. వింటూ విస్తుపోయి స్టాన్ వైపు తిరిగాడు. బార్లోంచి లేచివెళ్లిన తర్వాత నేరుగా అతని ముఖం చూడటం అదే మొదటిసారి.

"ఇదేంట్రా?" అన్నాడు గొంతు తగ్గించి.

"అదేరా."

"మొదట్నించీ ఇదేనా?"

"నాకేం తెలుసు? చెప్పు, జనం చూస్తున్నారు."

క్లారెన్స్ టోపీ తీసి మైకు ముందుకు వంగాడు. "మన కాల్ వాళ్లకు చాలా ముఖ్యమట!"

ఈసారి లేచిన కేక సరస్సు దాకా వినిపించింది. నిలుపువాళ్లు దిగుడువాళ్లను కౌగిలించుకున్నారు. హడావుడి తగ్గి తలలు తిప్పి చూసేసరికి తెర మీద మూడో జట్టు వంతు నడుస్తోంది. టగ్స్ నిలబడ్డారో దిగారో ఎవరూ చూడలేదు.

"ఎవర్ని తీసుకున్నార్రా?" అన్నాడు క్లారెన్స్.

"చూళ్లేదు. బీరు తాగుదాం పద" అన్నాడు స్టాన్.

మెట్లు దిగుతూ ఇద్దరూ వెనక్కి చూశారు. బ్రానిగన్ గారు ఫోను మళ్లీ చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని, తల పంకిస్తూ వింటున్నారు. కాసేపటికి కళ్లు తెరిచారు. చెయ్యెత్తి జనాన్ని నిశ్శబ్దంగా ఉండమన్నారు. ఆష్‌ఫోర్డ్ కౌంటీ ప్రజలందరి తరఫునా, అందరికీ కనపడేలా చూపుడువేలు చాచి, ఒకటి నొక్కారు.