పక్షి చేపను తినేసిన ముగింపుపై ఒక దరఖాస్తు

వీడియో గేములు బాగా ముగియకూడదు. అవసరమైతే చట్టం చేసి ఆపాలి! ఆఖరి భాగం చెత్తగా ఉండటమే మనిషికి జరిగే మేళ్లన్నింటిలోకీ పెద్దదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. నవ్వకండి.

బాగా ముగిసిన గేమ్ ఏం చేస్తుంది? మనిషిని కుర్చీలోంచి లేపుతుంది. కిటికీ తీయిస్తుంది. 'ఇప్పుడేం చేయాలి?' అన్న ప్రశ్నను మొహాన పడేస్తుంది. ముప్పై రెండేళ్ల వయసులో ఆ ప్రశ్న ఎంత ప్రమాదకరమో ఏ డాక్టరూ హెచ్చరించడం లేదు! చెడ్డ ముగింపు అలా కాదు, తల్లిలాంటిది. కూర్చో నాన్నా, ఇంకా అయిపోలేదు, కాసేపు కోపగించుకో అంటుంది.

ఇబ్రహీంపట్నం సుశాంత్ సంగతే చూడండి. ఆదిభట్లలో ఉద్యోగం, సాగర్ రోడ్డు పక్కన సొంతిల్లు, ఆ ఇంట్లో 'వెండి సముద్రం' అనే గేమ్. ఆరు భాగాలు, తొమ్మిదేళ్లు. ఓ కెప్టెన్ తుఫానులు దాటి ఇల్లు చేరాలి, అంతే కథ. ఈ తొమ్మిదేళ్లలో బయట రోడ్డు వెడల్పయింది, కందిచేలలో వెంచర్ల జెండాలు మొలిచాయి, సుశాంత్ నుదురు కూడా కొంతమేర ఖాళీ ప్లాటయింది. కెప్టెన్ మాత్రం ఇల్లు చేరలేదు.

అన్నాళ్లూ సుశాంత్‌కు జీవితం ఎంత సులువుగా ఉండేదో! డ్రైవింగ్ నేర్చుకోరా అంటే, ఆరో భాగం కానీ అనేవాడు. పుచ్చిపోయిన పన్ను పీకించుకోరా అంటే, ఆరో భాగం కానీ. పెద్ద అంబర్‌పేట్‌లో టీచరుగా పనిచేసే భావనది నాలుగేళ్ల పరిచయం. పెళ్లి సంగతి తేల్చమని ఆమె ఇంట్లో ఒత్తిడి, కాకినాడ సంబంధం ఒకటి జవాబు కోసం కాచుక్కూర్చుంది. "మా నాన్నకి ఏం చెప్పను?" అని ఆమె అడిగినప్పుడల్లా అదే జవాబు.

"ఆరో భాగం కానీ భావనా. బుర్ర తేలికపడుతుంది. అప్పుడు ప్రశాంతంగా మాట్లాడుకుందాం."

ఆరో భాగం వచ్చింది! ఎంత గండమో ఊహించండి. సుశాంత్ ఆఖరి ఘట్టానికి చేరాడు. రేవు కనబడింది. కెప్టెన్ ఇంటి దీపం కనబడింది. అప్పుడు ఓ తెల్ల పక్షి వచ్చి, ఓడ మీద వాలి, చేపను తినడం మొదలుపెట్టింది. పదకొండు నిమిషాలు తిన్నది. తర్వాత తెర మీద పేర్లు పడ్డాయి.

"మోసం!" అని అరిచాడు సుశాంత్. ఆ అరుపు అడుగున చల్లటి హాయి ఒకటి ఉంది. అతను చూసుకోలేదు. మనసు తనకు బాగా ఇష్టమైన వాటిని కోపం కిందే దాచుకుంటుంది మరి!

వెంటనే పోరాటం మొదలైంది. ప్రపంచమంతటా అభిమానులు ఈమెయిళ్లు పంపారు. వాళ్లకు తెలియంది సుశాంత్‌కు తెలుసు. తండ్రి వీర్రాజు తణుకు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది మొదలు, ఇంటిముందు కరెంటు స్తంభం గానీ, వీధి మోరీ గానీ, ఏది సాధించినా బాలనర్సింహ రాసిన కాగితంతోనే సాధించారు. మండల ఆఫీసు ఎదుట, జిరాక్సు షాపు అరుగు మీద, ముప్పై ఏళ్లుగా దరఖాస్తులు రాస్తున్న మనిషాయన. ఈమెయిల్‌ను ఎవడైనా చెరిపేస్తాడు, కాగితాన్ని చెరపగలడా?

"సర్వే నంబరెంత తమ్మీ?" అన్నాడు బాలనర్సింహ.

"సర్వే నంబరు లేదన్నా. ఇది గేమ్."

"గేమో గీమో, హద్దులు చెప్పు. తూర్పుకేమున్నది?"

"సముద్రం."

"పడమటికి?"

"అటూ సముద్రమే. నాలుగు పక్కలా సముద్రమేనన్నా."

బాలనర్సింహ పెన్ను కింద పెట్టాడు. "అంటే చెర్వు నీళ్లల్ల భూమి అన్నట్టు. జర కష్టం తమ్మీ, గసొంటివి తొందరగ తెగయ్. సరే, కబ్జా పెట్టిందెవడు?"

"పక్షి."

అయినా రాశాడు. ముప్పై ఏళ్ల చెయ్యి! 'ఆర్యా, సదరు కంపెనీవారు నన్ను తొమ్మిదేళ్లు వెంట తిప్పుకొని, ఒడ్డు చూపించి, దిగమనకుండా, పొమ్మనకుండా మధ్యలో వదిలేసినారు. మంచో చెడో ఒక్క మాట చెప్పించి న్యాయం చేయగలరని మనవి.' సుశాంత్ కళ్లు చెమర్చాయి. తన బాధ ఇంత బాగా ఎవరికీ అర్థం కాలేదు.

తెలుగు దరఖాస్తు రిజిస్టర్డ్ పోస్టులో దేశం దాటింది. మూడు వారాలకు జవాబొచ్చింది: 'మీ అభిప్రాయం మాకెంతో విలువైనది.' పక్కన పక్షి బొమ్మ స్టిక్కరు. చూశారా, ఇంకో ఏడాదికి సరిపడా కోపం! తల్లి రత్నమాల పన్ను సంగతి ఎత్తింది. "కేసు నడుస్తోందమ్మా," అన్నాడు.

భావనకు మాత్రం దరఖాస్తు కాపీ ఇచ్చాడు. "చదువు. మనిషిని ఇలా వేలాడదీయొచ్చా? నువ్వే చెప్పు!"

ఆమె చదివింది. మళ్లీ చదివింది. "వేలాడదీయకూడదు," అని, మడిచి బ్యాగులో పెట్టుకుంది.

సోమవారం ఆమె బాలనర్సింహ ఎదుట కూర్చుంది. "అన్నా, ఇదే దరఖాస్తు నాకూ కావాలి. కంపెనీవారు అన్నచోట సుశాంత్ పేరు, తొమ్మిదేళ్లు అన్నచోట నాలుగేళ్లు. ఇంకేమీ మార్చొద్దు."

"గీ కేసుల గూడ సముద్రమేనా చెల్లె?"

"కాదన్నా. బస్సులో ముప్పావు గంట."

"అవ్, గిది సమజైంది," అని బాలనర్సింహ గబగబా రాసేశాడు.

ఇక్కడ నా వాదనకు చిన్న ఇబ్బంది వచ్చిందని ఒప్పుకోవాలి. ఆ కంపెనీవాళ్లు ఎంత దుర్మార్గులైనా, పక్షినో చేపనో ఏదో ఒకటి చూపించి, ఇక అయిపోయిందని పేర్లు వేశారు. చెడ్డదే, కానీ ముగింపు! అది కూడా ఇవ్వనివాళ్ల మీద అభిమానులు ఎక్కడ సంఘం పెట్టుకోవాలి?

భావన తెచ్చిచ్చిన కాగితాన్ని సుశాంత్ తన ఇంటి గేటు దగ్గరే నిలబడి చదివాడు. "ఇది నా దరఖాస్తు కదా!"

"భాష బాగుంది కదా?"

"బాగుంది," అన్నాడు బిక్కమొహం వేసి. "కాస్త టైమివ్వు భావనా. ఏడో భాగం తీస్తారని అంటున్నారు..."

ఆమె రెండో కాపీ, పెన్ను చేతికిచ్చింది. "దీని మీద సంతకం పెట్టు, ముట్టినట్టు."

మాట్లాడమనలేదు గనక అతనికి ప్రాణం కుదుటపడింది. 'అందినది' అని రాసి సంతకం చేసి, తేదీ కూడా వేశాడు. నాలుగేళ్లలో అతను ఆమెకు రాసిచ్చిన మొదటి మాట అదే.

బస్సు కదలకముందే భావన ఫోన్ తీసింది.

"నాన్నా, జవాబొచ్చింది. కాకినాడ వాళ్లని ఆదివారం రమ్మనండి."